నూట పదిహేనో ముక్క

మందుల షాపులో ఖాళీ అయిన డబ్బాలు విప్పి
అట్టముక్కలుగా కోసుకున్నాను.
ముందు వైపు దగ్గు సిరప్పు పేరు, మరాఠీలో.
వెనక వైపు నా చేతిరాత:
నిబంధనం. పునర్బలనం. సంజ్ఞానాత్మక వైరుధ్యం.
నూట పద్నాలుగు ముక్కలకూ ఒకటే రబ్బరు బ్యాండు.

సిరొంచలో కరెంటు ఎప్పుడు పోతుందో
ప్రాణహితకే తెలియాలి.
పోయిందంటే ఫోను పళ్లతో పట్టుకుని చదువుతాను.

గంట కొడితే కుక్క నోట్లో నీళ్లూరడం
నేను చదవక్కర్లేదు.
మలుపులో బాపు టీవీఎస్ హారన్ వినపడితే
ఇప్పటికీ నా చెయ్యి గబుక్కున పుస్తకం మీదికి పోతుంది.
బాపు పోయి మూడేళ్లు.
బండి ఇప్పుడు చేపలమ్మే పోశాలు నడుపుతున్నాడు.
"విలుప్తత" అన్న ముక్క మీద
"అట్లేం కాదు" అని పెన్సిలుతో రాసి
మళ్లీ తుడిచేశాను.
పరీక్షలో అవుతుందనే రాయాలి.

గుంపు పెరిగేకొద్దీ
చెయ్యందించేవాళ్లు తగ్గుతారట.
వంతెన లేని రోజుల సంగతి తాత వేరే చెప్పేవాడు:
ఏరు పొంగితే పడవలో చూసేవాళ్లెవరూ ఉండరు,
అందరూ నీళ్లు తోడేవాళ్లే.
ఆ ముక్క మూల మడిచిపెట్టాను.

సోమవారం జాడి మల్లుబాయి వచ్చింది.
కొంగు ముడిలో చీటీ.
షాపులో ఉన్న నలుగురూ పోయేదాకా
బిస్కెట్ల ధరలు అడుగుతూ నిలబడింది.
దగ్గు తనకు కాదట, చెల్లెలికట,
చెల్లెలు అసరెల్లిలో ఉంటదట.
చెబుతూ చెబుతూనే దగ్గింది.

నా జేబులో ఉంది ఆ ముక్క:
"కళంకం. ఒక్క గుర్తు మనిషి మొత్తాన్నీ మింగేయడం."
జేబు మీద చెయ్యి అదిమి పెట్టుకున్నాను,
అది తనంతట తనే బయటికొచ్చి మాట్లాడుతుందేమోనని.

దవాఖానలో కుంభారే డాక్టరు మరాఠీలో అడిగాడు,
నేను తెలుగులో అడిగాను.
ఆమె తెలుగులో చెప్పింది, నేను మరాఠీలో చెప్పాను.
"సిగ్గయితాంది" అన్న మాట మాత్రం
నా నోట్లోనే ఉండిపోయింది.
మరాఠీలో మాట లేక కాదు, ఉంది, లాజ్.
ఆయన ఫారంలో దానికి గడి లేదు.

బయటికొచ్చాక అడిగింది:
"నువ్వు చదివేది దగ్గుల గురించేనా బిడ్డా?"
కాదు పెద్దమ్మా, మనుషుల గురించి.
"గది గూడ చదువుతరా!" అని నవ్వింది.
నవ్వు సగంలో దగ్గయింది.

రాత్రి నమూనా ప్రశ్న:
రోగి వ్యాధిని దాచడానికి ముఖ్య కారణం ఏది?
నాలుగు జవాబులు.
బిస్కెట్ల ధరలు అందులో లేవు.
మూడోది గీశాను, మార్కు వచ్చింది.

నెల తిరిగాక, మాత్రల డబ్బా ఖాళీ అయితే
పారెయ్యకు, నాకియ్యమన్నాను.
తెచ్చిచ్చింది.
మందు పేరున్న వైపంతా
గోటితో గీకి గీకి తెల్లగా చేసి.

ఇప్పుడు రెండు వైపులా రాసుకోవచ్చు.