చేతిలో లేని చెవి

కర్నూలు నీటిపారుదల ఆఫీసు, రెండో అంతస్తు.
అక్కడ ఏసీ మనుషులకు కాదు,
మూలనున్న నల్ల పెట్టెకు.
జిల్లా కాలువల లెక్కంతా దాని కడుపులో.
పదకొండేండ్లు దాని బీగాల గుత్తి
నా ఒక్కని దగ్గరే ఉండింది.

అందుకే
సుంకేసుల గేజీ పట్టిక తెరుచుకోలేదని రాత్రి రెండింటికి ఫోను.
పెద్దమ్మ దినాల్లో, విస్తరి ముందర ఫోను.
కన్ను ఆపరేషనై, ఒక కంటికి గంత కట్టుకొని
రెండో కంటితో
ఎవరో మరిచిన పాస్‌వర్డు మార్చినా.
పెత్తనమనుకుంటి.
మెడలో గుదిబండ అది.

నెల రోజులు తెర చూడొద్దన్నాడు డాక్టరు.

దస్తగిరమ్మ ఉంది.
కాంట్రాక్టు మనిషి, జీతం మూణ్ణెల్లకోసారి,
ఉగ్గాని డబ్బా పట్టుకొని అందరికంటే ముందొస్తాది.
"గుత్తంతా ఇచ్చిపో, పీడా పోతాది" అన్నాడు
సూపరింటెండెంటు మద్దిలేటి.

అంతా ఇయ్యడం నిమిషం పని.
గుత్తిలోంచి ఒక్కో చెవి విప్పడానికి
మూడు దినాలు పట్టింది నాకు.
కొత్త ఫోల్డరు తెరవొచ్చు. ఎవరికి చూపాలో చెప్పొచ్చు.
ఎవరో తెరిచి మరిచి ఇంటికి పోయిన ఫైలు మూయొచ్చు.
పొరపాటున పోయిందాన్ని నిన్నటి నకలు నుంచి తేవొచ్చు.
పెట్టెను ఆపి లేపరాదు.
కొత్త మనిషిని చేర్చరాదు.
పాత కొలతలు చెరపరాదు.
ఎవరెప్పుడు ఏది ముట్టినారో రాసే పద్దు
చూడొచ్చు, దిద్దరాదు.

కాగితం చదివి తల ఎత్తకుండా అడిగింది:
"నమ్మకం లేదా అన్నా?"
నా దగ్గర జవాబు లేకపాయ.
కేసీ కాలువ మీద లష్కరు బోజ్జన్న గుర్తొచ్చినాడు.
ఆయన తూము ఆయన ఎన్ని అంగుళాలైనా లేపుతాడు,
ఆనకట్ట గేట్ల జోలికి పోడు.
చెప్పాలనుకుంటి. చెప్పలేదు.

పంతొమ్మిదో దినం, మిట్టమధ్యాహ్నం.
ఆడిట్‌ ఇంకో వారముంది.
ఒక ఇంజనీరు, ఆయన వెనక కాంట్రాక్టరు మనిషి,
కుర్చీ లాక్కొని కూర్చున్నారంట.
పోయినేటి గట్టు మరమ్మతు కొలతల పుస్తకం,
ఒక్క ఫైలు, మాయం కావాల.
మొదట "అమ్మా" అన్నారు.
తర్వాత "ఏమే" అన్నారు.
రెన్యువల్‌ కాగితం నా బల్ల మీదే ఉందన్నాడు ఇంజనీరు.

"నా చేతిలో లేదు సా."

ఎన్నిసార్లు విన్నామో ఆ మాట,
ప్రతి కిటికీ కాడ, ప్రతి కౌంటరు కాడ,
చేతులెత్తేసిన గొంతుతో.
ఆ పొద్దు అది నిజం.
బెదిరిస్తే రానిది, బతిమాలితే రానిది,
ఆమె దగ్గర లేదు కాబట్టి ఆమె దోషం కానిది.
"రాసియ్యండి సా, పైకి పంపిస్తా" అని
తెల్ల కాగితం, పెన్ను ముందర పెట్టింది.
పెన్ను అట్లనే ఉండిపాయ.

కంటి కట్టు విప్పుకొని నేనొచ్చేసరికి
ఉగ్గాని సగం నా వైపు జరిపి
మిరపకాయ బజ్జీ కొరుక్కుంటా అంది:
"ఆ ఇంకో చెవి ఎప్పుడూ ఇయ్యొద్దన్నా నాకు."

ఆ సాయంత్రమే పెద్ద చెవిని కవర్లో పెట్టి,
లక్కముద్ర ఏసి, ఇనుప బీరువాలో పెట్టించినా.
ఇప్పుడు నేనూ రోజూ
ఆమె లాంటి చిన్న చెవితోనే లోపలికి పోతాండా.
రాత్రి రెండింటికి ఫోను మోగితే
ముందు నవ్వొస్తాంది.