నాలుగో బస్తా

వానాకాలం రాత్రి డ్యూటీలో
ఫోను రెండు భాషల్లో మోగేది:
నీళ్ళెందుకు ఎర్రగా వస్తున్నాయి?
ఒడియాలో కోపంగా, తెలుగులో వెటకారంగా.
సవర భాషలో ఎవరూ అడగలేదు.
వాళ్ళ ఇళ్ళకి మా కుళాయి లేదు.

పర్లాకిమిడి నీళ్ళ ట్యాంకీ కింద
పటిక కలిపే తొట్టి దగ్గర పదకొండేళ్ళు.
మామూలు రోజున ఒక బస్తా,
ముసురు పడితే రెండు,
క్రషర్ రోడ్డు కొండెక్కిన యేడాది నించి
నాలుగు.
చేతులు పగిలి, పులుసన్నం కలిపితే మంట.
ఇంజనీరు గారు ఐదో బస్తాకి ఇండెంటు రాసేరు.

నాకు ముందు ఆ తొట్టి చూసిన పొట్నూరు దాలయ్య
రిటైరయ్యాక కూడా పొద్దున్నే వచ్చి
గాజుగ్లాసులో నీళ్ళు పట్టి
వెలుగుకెత్తి చూసేవాడు.
"మహేంద్ర తనయ అంటే ఏటి?
కొండ కన్న పిల్ల.
పిల్ల ఒంటికి మట్టంటితే
సబ్బులు కొంటారేట్రా,
ఎక్కడాడొచ్చిందో ఎళ్ళి సూడరా?"

ఆదివారం ఇద్దరం బయల్దేరేం
ఎర్రచారని పట్టుకుని, ఏటికి ఎదురు.
గెడ్డలు కలిసిన చోటల్లా
ఆయన వొంగి దోసిలి పట్టి
"ఇది కాదు" అనేవాడు.
ఎడమ గెడ్డ తేట. కుడిది టీ రంగు.
మళ్ళీ చీలిక, మళ్ళీ దోసిలి.
నాలుగో చీలిక దగ్గర ఆయన మోకాళ్ళు మొరాయించేయి.
అక్కణ్ణించి నేనొక్కణ్ణే.

లారీల బాట కొండ నడుం కోసిన చోట
పచ్చిపుండులా మట్టి.
దాని కింద వాగుకి అడ్డంగా
జిరంతి గొమాంగో, పక్కన కూతురు,
రాళ్ళు పేరుస్తున్నారు.
సిమెంటు లేదు, సున్నం లేదు.
పెద్దరాయి, సందులో చిన్నరాయి, ఆ సందులో ఈతమట్ట.
వెనకాల అప్పటికే జానెడు మట్టి నిలిచింది,
అందులో కందిమొలకలు.

"మా ఊరికోసమా?" అన్నాను
వచ్చీరాని ఒడియాలో.
నవ్వింది.
"నా మట్టి మీ ఊరికి పోతోంది.
నా మట్టి నేను ఆపుకుంటున్నాను.
నీళ్ళదేముంది, అవి వస్తాయిలే."

చేతులు వెనక్కి పెట్టుకున్నాను.
పదకొండేళ్ళుగా
నేను పటికేసి అడుక్కి దించి
చీపురుతో తోసి
కాలవలో పారబోసింది
ఆవిడ చేను.

మున్సిపాలిటీ మీటింగులో ఇదే చెప్పేను.
ఒకాయన మ్యాపు పరిచి
కొండ చుట్టూ ఎర్రపెన్సిల్ తిప్పి
"పోడు బందు చేయిద్దాం" అన్నాడు.
క్రషర్ దగ్గర మాత్రం
ఆ పెన్సిల్ మర్యాదగా పక్కకి తొలిగింది.

దాలయ్య గ్లాసు బల్లమీద పెట్టేడు.
ఏమీ మాటాడలేదు.
మట్టి అడుక్కి దిగేదాకా
అందరూ దాన్నే చూసేరు.
లెక్కలు రాసే సబితా పాఢి తలెత్తకుండా అడిగింది:
"ఐదో బస్తా ఎంత?"
ఆ డబ్బు ఒక్క సీజనుకి
రాళ్ళు పేర్చేవాళ్ళ కూలీ అయింది.
ఒక్క సీజనుకే. మినిట్స్‌లో రెండుసార్లు రాయించేరు.

చలికాలంలో పన్నెండు గట్లు కట్టేరు.
రెండు వేసవి గాలివానకే కొట్టుకుపోయేయి.
క్రషర్ ఇంకా తిరుగుతూనే ఉంది.
ఫోనూ మోగుతూనే ఉంది.
దాలయ్య గ్లాసెత్తి "ఇంకా ఎరుపే" అంటాడు,
నన్నే తిడుతున్నట్టు.

నిన్న రాత్రి తొలి గట్టివాన.
మూడు బస్తాలు కుమ్మరించి
నాలుగోదాని మూతి విప్పేను.
గ్లాసు బల్బుకెత్తి పట్టేను.
చాలాసేపు అలాగే నిలబడి
మళ్ళీ తాడు కట్టేసేను.