కడుపునొప్పి

గ్రిమ్స్‌బీలో సముద్రం కనిపించని వీధుల్లోకి కూడా
చేపల వాసన వస్తుంది.
ఆ వాసనతోపాటే ప్రతి మంగళవారం
బడిలో నా నర్సుగదికి వచ్చేవాడు టోబిన్.
పదిహేనేళ్లు. కడుపునొప్పి.

థర్మామీటరు పెట్టేదాన్ని. జ్వరం ఉండేది కాదు.
వేడినీళ్ల సంచి ఇచ్చి, "ఎక్కడ నొప్పి?" అంటే
ఒకసారి చూపించిన చోటు మళ్లీ చూపించేవాడు కాదు.

అక్టోబరులో మాకు రెండు గంటల శిక్షణ.
వ్యాయామశాలలో, బూట్ల కంపులో, తెర మీద లక్షణాలు:
ముభావం, కొత్త స్నేహాలు, నిద్రలేమి, కోపం.
"ఆ లెక్కన ఈ ఊళ్లో మగాళ్లంతా అనుమానితులే"
అంది పక్కన కూర్చున్న వంటమనిషి వెండా.
నవ్వాం. టీ తాగాం. సంతకాలు పెట్టాం.

నవంబరులో బీపీ పట్టీ చుడుతుంటే
చొక్కా చెయ్యి పైకి జరిగింది.
మణికట్టు మీద నీలం పెన్నుతో రెండు అంకెలు.
తెర మీద చూసినవే.
గాలి నింపడం ఆపలేదు నేను.
వణికింది నా చెయ్యే, అతని నాడి కాదు.

"ఎవరు నేర్పారివి?"
"మీకు తెలీదులే."
చాలాసేపటికి, గోడకేసి:
"రాత్రి మూడింటికి కూడా మేలుకునే ఉంటాడు.
మొదటిరోజే అడిగాడు, తిన్నావా అని."

నా రిజిస్టరులో అరవైరెండు మంగళవారాలు.
ఎక్కడ నొప్పి, ఎక్కడ నొప్పి, ఎక్కడ నొప్పి.

ఫారం ఏడు పేజీలు.
ఏమన్నాడు, ఎవరి గురించి, ప్రమాదం ఒకటి నుంచి అయిదులో ఎంత.
ఆ ఇంట్లో పొయ్యి వెలిగి ఎన్నాళ్లయిందో రాయడానికి గడి లేదు.
అంచున ఇరికించి రాశాను.
పంపేముందు అతనికే చదివి వినిపించాను.
"మీరూ అంతేనా" అన్నాడు.
తలుపు వెయ్యకుండా వెళ్లిపోయాడు.

కాచుకోవడానికీ, పట్టివ్వడానికీ
అదే కాగితం, అదే సంతకం.
ఏది చేశానో ఆ రాత్రంతా తేలలేదు.

ఇప్పుడు గురువారాలు డెస్మండ్ పెల్ వస్తున్నాడు.
ఒకప్పుడు ఆ అంకెలే పచ్చబొట్టు పొడిపించుకున్న మనిషి.
వాదించడు. పాత పడవ ఇంజను విప్పి ముందుంచి
"ఈ మర కాస్త పట్టుకో" అంటాడు.
కుదురుతుందా అంటే భుజాలెగరేస్తాడు.

అయిదు మంగళవారాలు గది ఖాళీ.
ఆరోవారం వచ్చాడు.
మణికట్టు మీద నీలం, చెరిపాడో, చెరిగిందో.
థర్మామీటరు తియ్యలేదు నేను.
వెండా కాల్చిన రొట్టెకి వెన్న పూసి
"తిన్నావా?"

రొట్టెకేసే చూశాడు, నాకేసి కాదు.
"మీమీద కోపం పోలేదు" అన్నాడు
నోటినిండా నములుతూ.
మాడిన అంచులు కూడా వదల్లేదు.