బల్లకు ఇవతల

హన్మకొండ రింకుల ఇది నా మొదటి కుర్చీ.
పద్నాలుగేండ్లు ఇదే సిమెంటు మీద చక్రాలతోని తిరిగిన,
పదకొండేండ్లు మెడల ఈలేసుకొని అరిచిన.
ఇయ్యాల చెప్పులేసుకొని వచ్చిన.
పాదాలకు సమజైతలేదు.

పరకాల నుంచొచ్చిన పిల్ల, సమ్రీన్,
సుద్దగీత మీద ఒంటికాలితోని సున్నా చుడుతున్నది.
సగం దాటంగనే ఎడమ భుజం జారింది.
"భుజం!"
నాలిక కొస దాకా వచ్చింది, మింగిన.
జడ్జికి నోరుండదు, పెన్సిలుంటది.

సున్నా మూసుకోలేదు. వేలెడు సందు.
ఆ సందు నాకెరుకే.
కరీంనగర్ పోటీలల్ల నేను గూడ గంతే వదిలిపెట్టి
మార్కులేసిన సారును వారం రోజులు తిట్టిన.
ఆయన మొఖం యాదిలేదు,
కొరికిన పెన్సిలు యాదికున్నది.

ఐదు పాయింట్ నాలుగు.
నాలుగును చెరిపిన.
కాజీపేట దిక్కు రైలు కూత పెట్టింది,
అది ఆగేదాంక ఆగి
మళ్ల నాలుగే రాసిన.

పిల్ల బల్ల దిక్కు చూసింది,
నన్ను గాదు, కాగితాన్ని.

బల్ల కింద
నా కుడికాలు చెప్పు ఇడిచి
ఆ వేలెడు సందును
మెల్లగ మూస్తున్నది.