పసుపు చీటీలు

మామిడికాయల ట్రాక్టర్లు
జ్యూస్ ఫ్యాక్టరీ గేటు నుంచి హైవే దాకా బారు తీరిన జూన్‌లో
మద్రాసు బస్సు దిగింది ఆ పిల్ల.
వీపు మీద ఆమెంత సంచి.
బైపాసు దగ్గరే దింపేసి పోతే
తోతాపురి లోడు మీద కూర్చున్న పిల్లోడొకడు
దారి చూపిస్తా గ్రీమ్స్‌పేట దాకా నడిచొచ్చినాడు.

యామిని కాలేజీలో ఏడాది చదువంట, మా ఇంట్లో ఉండేదంట.
పది దినాల ముందు నుంచీ మాకు దడ.
మా ఆయన బాత్రూం తలుపుకు రంగేసినాడు,
పక్కింట్లో ఫోర్కులు అడిగి తెచ్చినాడు.
నేను జాకెట్టు గుడ్డలన్నీ మూటగట్టి
కుట్టుమిషన్ను వంటింట్లోకి జరిపి
ముందు గదిలో మంచమేసినా.
యామిని మాత్రం
"ఏడాదంతానా?" అని ఒకటే మాట, పదిసార్లు.

పేరు ఉగ్నే.
లిథువేనియా భాషలో నిప్పని అర్థమంట.
మా అత్త చెంగమ్మకు చెవులు మందం.
"ఏందీ, ఉగ్గిన్నెనా?" అనింది.
యామిని పడీపడీ నవ్వింది.
అత్త నవ్వలా.
అటక మీది ఇత్తడి ఉగ్గుగిన్నె దించి
చింతపండుతో తోమి
ఆ పిల్ల చేతిలో పెట్టింది.
"ఇదో, నీ పేరు. మా ఇంట్లో ముందు నుంచే ఉండాది."

ఆ పిల్ల పుస్తకంలో నేర్చుకున్న తెలుగు వేరే.
"దయచేసి నాకు కొంచెం మంచినీరు ఇవ్వగలరా"
అని వినబడితే
రేడియో ఎవురు పెట్టిరని
మేము ఒకరి మొగాలొకరు చూసుకున్నాం.

మరుసటి దినం నుంచి పసుపు చీటీలు.
అడిగేది, రాసేది, అంటించేది.
గూడు. చాట. పొరక. తలుపు.
ఉప్పు డబ్బా మీద ఉప్పు, గిన్నె మీద గిన్నె.
'పాత్రలు' కొట్టేసి 'బోకులు'.
'వేరుశనగ' కొట్టేసి 'చెనిక్కాయలు'.
అక్కడక్కడా కొమ్ములు తిరగబడినా
అక్షరాలు గుండ్రంగా, కోడిగుడ్ల మాదిరి.
నా మిషన్‌కు కూడా ఒక చీటీ పడింది.
ఇరవై ఏండ్లు దాని మీదనే బతుకుతా
దాని పేరు రాసుంటే చూసింది అదే మొదలు.

సంగటి పెట్టిన రాత్రి
ముద్దను నమిలీ నమిలీ దవడలు పీక్కుంటా ఉంటే
అత్త గొంతు పట్టి చూపించింది:
"మింగల్ల. నమిలేది కాదు."
ఊరుబిండి కారానికి ముక్కు టమోటా పండయింది.
అయినా తట్ట ఖాళీ.
ఫోర్కులు పక్కింటికి తిరిగి పోయినాయి.

ఒకనాడు చెప్పకుండా
నీవా ఏటి గట్టెంబడి నడుచుకుంటా పోయి
చీకటి పడినాక వచ్చింది.
అరిచినా.
మాటలేవీ అర్థం కాలేదు, అరుపు అర్థమయ్యింది.
తలుపేసుకునింది.
ఆ తలుపు మీద
ఆ పిల్ల చేత్తోనే రాసిన 'తలుపు'.
దాని ముందర ఎంతసేపు నిలబడినానో.
ఆఖరికి యామినే నెట్టుకుని లోపలికి పోయింది.
ఏం మాట్లాడుకున్నారో, ఏ భాషలోనో;
అన్నం వేళకు ఇద్దరూ వచ్చి కూర్చున్నారు.

బడి గడప తొక్కని మా అత్త
పగలంతా ఇంట్లో ఒంటిది.
చీటీల ముందర నిలబడతా ఉండేది,
ఉప్పు డబ్బా కాడ ఇంకాసేపు.
చూపు కూడా తగ్గిందేమో,
కంటాసుపత్రికి తీసకపోవల్ల అనుకున్నాం.

తుఫాను వానలకు
రెండు దినాలు కరెంటు లేకుండా పోయి
మూడోనాడు తెల్లారితే
ఆ పిల్ల మంచం పైన, గోడకు, ఒక చీటీ.
పసుపుది కాదు.
జాకెట్టు కొలతలు రాసుకునే నా నోటుబుక్కులోంచి చించింది.
జిగురు లేక
అన్నం మెతుకుతో అంటించింది.
ఉప్పు డబ్బా మీది నుంచి ఒక 'ఉ'.
బోకుల గూట్లో నుంచి 'గిన్నె' మొత్తం.

ఉగిన్నె.

ఒత్తు తక్కువయిందని యామిని పెన్సిలు తీసింది.
ఆ పిల్ల చెయ్యి అడ్డం పెట్టింది.
అప్పటికే మెతుకు వాసనకు
రెండు చీమలు
'ఉ' మీదికి ఎక్కుతా ఉండాయి.