మైనం లేని కుంచం

బల్లరాట్‌లో జూలై అంటే నడిచలికాలం.
చర్చి హాలు కిటికీలకి పొగమంచు,
ముప్ఫై మందికి సరిపడా గుమ్మడికాయ సూపు.
బుధవారం నా వంతు. గరిటె నాది.

మొన్న ఆదివారం రెవరెండ్ ఫియోనా చెప్పింది:
నరకం మనం భయంతో కట్టుకున్న గది,
దేవుడు దాని తాళంచెవి ఏనాడూ అడగలేదు,
చివరికి ఆ బల్ల దగ్గర అందరికీ చోటుంటుందని.
వెనక బెంచీలో నాకు ఊపిరాడింది.
నిజం చెప్తున్నా, ఏడ్చాను కూడా.
మా చిన్నాన్న ప్రభుదాసు పురుగుల మందు తాగి పోయినప్పుడు
పాస్టరుగారు సమాధి దగ్గర ప్రార్థన చెయ్యనన్నారు.
పద్నాలుగేళ్లు నాకు. ఆ రాత్రి
అగ్నిగుండంలో చిన్నాన్న చొక్కా ఒక్కటే కనపడింది,
నీలం గళ్లది, పై గుండీ నేను కుట్టిందే.
ఇరవై ఆరేళ్లకి, పరాయి భాషలో,
ఆ చొక్కాకి మంట ఆరింది.

బయటికొస్తూ చూస్తే డెస్ ట్రెంబాత్
లేవకుండా కూర్చునే ఉన్నాడు.
ఎనభై ఒకటి దాటిన మనిషి.
పాత అనాథాశ్రమం కంచెకి ఎవరెవరో కట్టిన రిబ్బన్లలో
వెలిసిన ఆకుపచ్చది అతనిది.
ఎందుకు కట్టావని నేనెప్పుడూ అడగలేదు.

"అందరికీనా?" అన్నాడు ఫియోనాతో.
"బ్రదర్ కీరన్‌కి కూడానా?
తొంభై రెండేళ్లు బతికి, ఉతికిన దుప్పట్లో, నిద్రలో పోయాడు.
వాడి పేరు మీద పిల్లలకి క్రికెట్ కప్పు కూడా ఇస్తారు.
వాడి కుర్చీ నా పక్కనేనా?"

ఫియోనా నోరు తెరిచి, మూసింది.
తెల్ల కాలరు పైన మెడ ఎర్రబడింది.

నాకు నాయనమ్మ గుర్తొచ్చింది, సంతోషమ్మ.
రేపల్లె అవతల కళ్ళంలో ఆసామి కుంచం:
అడుగున మైనం, అంచున గుమాస్తా బొటనవేలు.
కోసి, మోసి, నూర్చి, కొంగు పడితే
ప్రతి కుంచానికీ సోలెడు తక్కువ.
మునసబుకి తెలుసు. కరణానికి తెలుసు.
కోర్టు తెనాలిలో. బస్సు చార్జీకి ఆ కూలి చాలదు.
"పైన ఇంకో కుంచం ఉందే అమ్మాయ్,
దానికి మైనం లేదు" అనేది, కొంగు దులుపుకుంటూ.
తీర్పు దినం ఆమెకొక వాయిదా,
ఏ దొరా మార్పించలేని వాయిదా.
అది కొట్టేశారని
ఆమెకి ఎవరెళ్లి చెప్పాలి?
ఫియోనానా? నేనా?

ఇవాళ డెస్ సూపుకొచ్చాడు.
ఫియోనా ఏప్రన్ విప్పకుండానే ఎదురుగా కూర్చుంది.
"నాకు తెలియదు డెస్" అంది.
ఆమె ప్రసంగాలన్నిట్లో అదే చిన్నది.

అతను రొట్టె తుంచాడు, తినలేదు.
"వాడు కాలాలని లేదు నాకు.
ఆశ్రమంలో బాయిలరు గది... మంట చూస్తే నాకే పడదు.
వాడు నిలబడాలి.
ఎవరో ఒకరు జరిగింది జరిగినట్టు పైకి చదవాలి,
ఒక్క రాత్రి కూడా వదలకుండా.
తలుపు వైపు చూడకుండా వాడు వినాలి.
కుర్చీ సంగతి..." చాలాసేపాగి,
"ఆ తర్వాత చూద్దాం" అన్నాడు.

నాయనమ్మ కూడా ఆసామిని కాల్చమని
ఏ ప్రార్థనలోనూ అడగలేదు. ఇప్పుడు తడుతోంది.
నలుగురిలో కుంచం బోర్లించమంది.
అడుగు చూపించమంది. అంతే.

చిన్నాన్న చొక్కా, నాయనమ్మ కుంచం
రెండూ ఒకే దేవుడి దగ్గర తేలాలి.
ఎట్లా తేలతాయో నాకూ తెలియదు.
సింకు దగ్గర ఫియోనా గిన్నెలు తోముతోంది,
నీళ్లు పొగలు కక్కుతున్నా చేతులు తియ్యకుండా.

డెస్ తన గిన్నె చాపాడు, ఇంకొంచెమని.
గరిటె అడుగంటా ముంచాను.
అంచుదాకా పోశాను,
బొటనవేలు బయటే ఉంచి.