మట్టి లెక్క

శనివారం రాత్రి. జిమ్ కింద నేలమాళిగలో
రెండు వాషింగ్ మెషీన్లు, నేనూ.
అలమర మీద రేడియోలో ఎవడో
ముప్పై ఒకటి, ముప్పై ఒకటి అని అరుస్తున్నాడు.
డిఫెన్సు కాదట, జల్లెడట.

పదహారేళ్ళుగా ఈ కాలేజీ జెర్సీలు ఉతుకుతున్నాను.
నా స్కోర్‌బోర్డు వేరే.
అఫెన్సు కుర్రాళ్ళ కుప్ప ఇటు:
మోచేతుల దగ్గర కాస్త పచ్చిక మరక.
క్వార్టర్‌బ్యాక్‌కి వీపంతా మట్టి,
పాపం, ఇవాళ ఆకాశం ఎక్కువ చూశాడు.
డిఫెన్సు కుప్ప అటు:
నంబర్లు కనబడవు.
ఒహైయో నవంబరు బురద, గీతల సున్నం,
ఎవరి ముక్కుదో రక్తం,
ఒక కాలరులో ఇరుక్కున్న నారింజ తొక్క.

సరే, ముప్పై ఒకటిని విప్పి చూద్దాం.
మొదటి ఏడూ
మావాడు విసిరిన బంతి వాళ్ళవాడు పట్టుకుని పరిగెత్తినవి.
అప్పుడు డిఫెన్సు బెంచీ మీద నీళ్ళు తాగుతోంది.
తాగిన నీళ్ళకి కూడా పద్దు రాస్తారా?
రెండో ఏడు:
గీతకి తొమ్మిది గజాల దూరంలో బంతి జారవిడిచి
ఇదిగో, కాపలా కాయండన్నారు.
దొంగని వసారాలో కూర్చోబెట్టి
గడియ గట్టిదేనా అని అడిగినట్టు.
తర్వాత మా పంట్‌కి వాళ్ళు అడ్డుపడితే
పద్నాలుగో గజం దగ్గర బంతి వాళ్ళ చేతికొచ్చింది.
మూడు ఆటల్లో మావాళ్ళు దాన్ని
నాలుగు గజాలు వెనక్కి నెట్టారు.
వాళ్ళకి దక్కింది మూడు పాయింట్లు.
పుస్తకంలో ఆ మూడూ నష్టం.
నాకైతే ఆ పూటకి అదే పండగ.
ఇంకో ఏడు సగం మైదానం నుంచి, మళ్ళీ జారిన బంతే.

చివరి ఏడు దగ్గర నా నోరు పడిపోతుంది.
నాలుగో క్వార్టర్లో ఎనభై గజాలు,
ఎవరూ ఏమీ ఇవ్వకుండానే వాళ్ళే నడిచి తీసుకున్నారు.
మా థర్లో మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని
పరిగెత్తేవాణ్ణి అలా చూస్తూ ఉండిపోయాడు.
అది డెబ్భై తొమ్మిదో ఆట.
ఆ అలసట ఎవరి ఖాతాలో వెయ్యాలి?

లెక్కలు రాసే పిల్ల టామ్సిన్ మెట్లు దిగి వచ్చింది.
"మరీ మురిసిపోకండి, గార్విన్.
గెలుస్తున్నవాళ్ళు మన మీదకి బంతి విసరడం మానేస్తారు.
గడియారం కరిగేదాకా నేల మీదే తొక్కుకుంటూ పోతారు.
పాసులు ఆపడంలో మనం లీగ్‌లో రెండోవాళ్ళమట,
పరీక్షే పెట్టలేదు, మార్కులెక్కడివి?"
చేతిలో సబ్బుపొడి పట్టుకుని నిలబడిపోయాను.
నిజమే,
కట్టని గుడ్డ కూడా తెల్లగానే ఉంటుంది.

మొన్న గురువారం ఒక పెద్ద కాలేజీ నుంచి ఫోను.
యాభై నాలుగు నంబరు కుర్రాడు,
ఆ ఎమ్రిస్ పోలాక్, నిజంగా గట్టివాడా,
లేక మీ డిఫెన్సు ఎప్పుడూ మైదానంలోనే ఉంటుంది గనక
ట్యాకిల్సు అన్నొచ్చాయా అని.
బట్టలుతికేవాణ్ణి అడుగుతున్నాడంటే
వాడికీ ఎక్కడా తేలలేదన్నమాట.

నాకు తెలియదన్నాను.
తెలిసింది ఇంతే:
మావాడు బంతి జారవిడిచాక
మనుషుల గుట్ట ఇంకా విడిపోకముందే
ఎమ్రిస్ హెల్మెట్ పట్టీ బిగించుకుని లేస్తాడు.
తల దించుకుని వచ్చే క్వార్టర్‌బ్యాక్‌కి ఎదురెళ్ళి
భుజం మీద ఒక దెబ్బ, అంతే, లోపలికి పోతాడు.
ఆ సమయంలో వాడు నోరు జారడం నేను వినలేదు.
అవతల కాసేపు నిశ్శబ్దం.
పెన్ను గీసిన చప్పుడు మాత్రం రాలేదు.

మొదటి నీళ్ళు నల్లగా పోయాయి.
రెండోవి టీ రంగులో.
రేడియో కట్టేసి మూడోసారి తిప్పాను.
గాజు తలుపు వెనక వాడి జెర్సీ తిరిగి తిరిగి ఆగింది.
ఐదు కనబడుతోంది.
నాలుగు మీద మట్టి ఇంకా ఉంది.